తాయారత్త కాలేయానికి ఎర

"ఇక మనం చేయగలిగింది ఏమీ లేదమ్మా" అని డాక్టర్ జకరయ్య గారు అనగానే నా చేతిలో ఉన్న స్కానింగ్ కవరు తీసి ఆయన బల్ల మీద విసిరికొట్టాను. అది జారి టీ కప్పుకి తగిలింది. టీ అంతా ఆయన తెల్లకోటు మీద పడింది. ఒకే ఆసుపత్రిలో పదకొండేళ్లుగా ఉన్నాం, కింద ఆయన కాలేయ విభాగం, పైన నా ప్రయోగశాల. నా కోపం ఆయనకి కొత్త కాదు. రుమాలుతో తుడుచుకుంటూ, "కోటేశ్వరీ, ఆవిడ మీ మేనత్త కాకపోతే ఈ మాట నువ్వే అనేదానివి" అన్నారు. నిజమే అనేదాన్ని. అందుకే ఒళ్లు ఇంకా మండింది.

మా అమ్మ నన్ను కని కన్ను మూసింది. పెంచింది మా నాన్న చెల్లెలు తాయారత్త. కృష్ణ సముద్రంలో కలిసే చోట గుల్లలంక అని మా ఊరు. అక్కడ నలభై ఏళ్లు పొయ్యి ముందు కూర్చుని ఇడ్లీలు అమ్మింది, ఆ పొగలోనే నన్ను చదివించింది. ఇప్పుడు అరవయ్యారేళ్లు. ఒంట్లో హెపటైటిస్ సి వైరస్ ఉందని బయటపడేసరికి అది ఎన్నో ఏళ్లుగా హాయిగా కాపురం చేస్తోంది. మూడు నెలలు మాత్రలు వేస్తే వైరస్ పోయింది. హమ్మయ్య అనుకునేలోపే కాలేయంలో గడ్డ కనిపించింది. ముక్క తీసి చూస్తే అది మామూలు కాలేయ క్యాన్సర్ కాదు, లింఫోమా.

లింఫోమా అంటే ఏంటో అత్తకి నేనే చెప్పాను. "మన ఒంట్లో పోలీసులుంటారత్తా, తెల్ల కణాలని. వైరస్ అనే దొంగ కోసం వచ్చి నీ కాలేయంలో మకాం పెట్టారు. ఏళ్ల తరబడి తరిమీ తరిమీ వాళ్లలో కొందరికి పిచ్చెక్కింది. మనం మాత్రలేసి దొంగని చంపేశాం. వీళ్లు మాత్రం కదలకుండా అక్కడే సంతానం పెంచుకుంటన్నారు."

"కీమో అని ఏదో ఇస్తారంటగా?"

"నీ కాలేయం ఇప్పటికే ఎండిపోయిన కొబ్బరిచిప్పలా ఉంది. కీమో ఇస్తే పోలీసులతో పాటు ఇల్లు కూడా కూలిపోద్ది."

"మరి ఎవరో ఒకరెళ్లి, దొంగ చచ్చాడు, ఇక ఇళ్లకి పోండ్రా నాయనా అని చెప్పొచ్చుగా?"

నేను నోరు వెళ్లబెట్టాను. పదకొండేళ్లుగా మా ల్యాబ్ మొత్తం తలలు బద్దలు కొట్టుకుంటున్నది ఆ ఒక్క పని మీదే.

మేం చేసిన దాని పేరు ఎర. కంటికి కనపడనంత చిన్న కొవ్వు బిందువు. దాని పైన వైరస్ తొడుగుని పోలిన ముఖం అతికిస్తాం. లోపల వైరస్ ఉండదు, "ఆగిపో" అని కణానికి చెప్పే రసాయనం ఉంటుంది. పిచ్చెక్కిన కణం దొంగ దొరికాడనుకుని దాన్ని పట్టుకుని మింగుతుంది. మింగి ఆరిపోతుంది. ఒంట్లో మిగతా ఏ కణమూ దాని వైపు చూడదు. ఎలుకల్లో గెలిచాం. మనుషుల్లో ఒకే ఒక్కరి మీద వాడి చూడటానికి అనుమతి దొరికింది. ఆ ఒక్కరు తాయారత్త కావాలని నేను కొట్లాడి సాధించాను.

ముందు గాజుపళ్లెంలో చూడాలి కదా. మాత్రలు మొదలుపెట్టక ముందు తీసి దాచిన అత్త రక్తంలోంచి వైరస్ ముఖాన్ని చదివి ఎర తయారు చేశాం. గడ్డలోంచి తీసిన కణాల మీద వేశాం. మూడు రోజులు మైక్రోస్కోపుకి కళ్లప్పగించి కూర్చున్నాను. ఒక్క కణమైనా పక్కకి తిరిగి చూస్తే ఒట్టు. ఆ సంగతి చెప్పబోతేనే జకరయ్య గారు ఆ మాట అన్నారు, నేను టీ ఒలకబోశాను.

వార్డుకి వెళ్లేసరికి అత్త ఎవరి మీదో రుసరుసలాడుతోంది. చిన్నప్పుడే పెళ్లయి ఊరు వదిలిన ఎవరో ఆవిడ చూడటానికి వచ్చి వెళ్లిందట.

"తలుపు దగ్గర నిలబడి, నేనెవరో చెప్పుకో అంటదే! యాభై అయిదేళ్లయింది దాన్ని చూసి. రెండు జడలేసుకుని తొక్కుడుబిళ్ల ఆడిన పిల్ల, ఇప్పుడు పళ్లూడి, జుట్టు నెరిసి వచ్చి చెప్పుకోమంటే నేనెట్టా చెప్పుకునేది? నాకు గుర్తున్న ముఖం అది కాదుగా!"

నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. ఓరి దేవుడో, ఇంత చిన్న విషయం తట్టలేదేంటి నాకు! ఈ వైరస్ ఏడాదికో ముఖం మారుస్తుంది. అత్త కణాలు పోలికలు నేర్చుకున్నది అది ఒంట్లోకి వచ్చిన మొదటి రోజుల్లో. మేం దాని ముసలి ముఖం తీసుకెళ్లి చూపించాం. వాటికి ఆ చిన్ననాటి ముఖం కావాలి.

"అత్తా, నువ్వు దేవతవే" అని బుగ్గ మీద ముద్దు పెట్టాను.

"చాల్లే సంబడం. తల దువ్వుకో, పిచ్చిదానిలా ఉన్నావు" అంది.

పాత ముఖాన్ని ఊహించే పరికరం మా దగ్గర ఉంది. ల్యాబులో దాన్ని ముద్దుగా తాత అంటాం. పది మంది మనవల ముఖాలు చూపిస్తే, పోయిన తాత ముక్కు ఎలా ఉండేదో చెప్పేస్తుంది. కాకపోతే మనవలు కావాలి. అంటే అత్తకి ఎక్కడి నుంచి వైరస్ సోకిందో అక్కడి నుంచే సోకినవాళ్లు, కనీసం పాతిక మంది. వాళ్లు ఎక్కడున్నట్టు? గడ్డ కణాల్లో పోగుపడిన మార్పులు లెక్కపెట్టి అది సోకిన ఏడాది పట్టుకున్నాం. ముప్ఫై అయిదేళ్ల కిందట.

"తుఫాను ఏడు" అంది అత్త వెంటనే. అని నాలిక్కరుచుకుంది.

"ఆ ఏడు నీకేమన్నా సూది వేశారా?"

"ఏమో. ఎవరో గవర్నమెంటోళ్లు వచ్చారు" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

మా అత్తకి అబద్ధం చెప్పడం చేతకాదు. తుఫాను తర్వాత నెలరోజులు గుల్లలంకకి పడవ తప్ప దారి లేదు. ఊళ్లో సూదులు వేసిన మనిషి ఒక్కడే. కాంపౌండర్ వీరంకి నాంచారయ్య. మా నాన్న.

"అత్తా..."

"ఒసే కోటేశ్వరీ, ఆయన జోలికి వెళ్లావంటే నా శవాన్ని చూస్తావు. కలరా రాకుండా ఊరిని కాపాడాడు మా అన్నయ్య. ఇప్పటికీ ఆయన వీధిలోకొస్తే అరుగుల మీదున్నోళ్లు లేచి నిలబడతారు. డెబ్భై ఎనిమిదేళ్లొచ్చాక ఆయన తల దించుకునే మందు నాకొద్దు. నేను సంతకం పెట్టను."

"నువ్వు పోతే నేనేమైపోవాలే? ఇంకో అమ్మెక్కడుంది నాకు?" అని పెద్దగా ఏడ్చేశాను. పక్క మంచాలవాళ్లంతా చూశారు. అత్త నా తల నిమిరింది కానీ పట్టిన పట్టు మాత్రం వదల్లేదు. జకరయ్య గారిని అడిగితే, ఆలస్యం చేయకుండా మొదలుపెట్టాలి, మూడు నెలలు దాటితే ఎర దొరికినా ఉపయోగం ఉండదన్నారు. ఆ మధ్యాహ్నమే గుల్లలంక బస్సెక్కాను.

నాన్న వసారాలో కూర్చుని ఎవరి పిల్లాడికో గజ్జికి మందు రాస్తున్నాడు. వైద్యం మానేసి పదేళ్లయినా జనం రావడం మానలేదు. వాళ్లు వెళ్లిందాకా ఆగి, నీళ్లు కూడా తాగకుండా, ఉన్న మాట ఉన్నట్టు చెప్పేశాను. మెల్లగా చెప్పడం నాకు రాదు.

నాన్న ఒంటికాలి మీద లేచాడు. "ఏంటే నువ్వనేది? నేను ఒకరి సూది ఇంకొకరికి వేశానంటావా? ప్రతి మనిషికీ సూది మార్చాను! స్టౌ మీద గిన్నె పెట్టి అరగంట మరగబెట్టిన సూదులు! ఆ బురదలో, ఆ శవాల కంపులో! పట్నంలో చదువుకుని వచ్చి నాకు పాఠాలు చెబుతావా?"

"నేను తప్పు పట్టడం లేదు నాన్నా. ఎట్టా వేశావో చూపించు, అంతే."

"చూపిస్తాను, చూడు!" లోపలికి వెళ్లి పాత రేకు డబ్బా తెచ్చాడు. అందులో గాజు సిరంజి, అరడజను సూదులు. గ్లాసుతో నీళ్లు పెట్టుకుని మొదలుపెట్టాడు. మాట్లాడుతూ ఉంటే కోపం తగ్గి ముఖంలోకి వెలుగు వచ్చింది.

"అసలు ముందు జనం వస్తేగా! ఈ సూది వేయించుకుంటే మగాళ్లు పనికిరాకుండా పోతారని ఎవడో పుకారు పుట్టించాడు. అందరూ సరుగుడు తోటల్లోకి పరుగు. ఒక్కొక్కడినీ లాక్కురాలేంగా. ఏం చేశాను? ప్రతి వీధి మొదట్లో నిలబడి నా చొక్కా మడిచి, ముందు నాకు నేనే పొడుచుకున్నా. మందు వేసుకునేవాణ్ణి కాదులే, ఊరికే గుచ్చి చూపించడమే. చూడండ్రా, చచ్చానా అని! అప్పుడొచ్చారు వరసగా."

"తర్వాత?"

"తర్వాత ఈ సూది తీసి పక్కన పెట్టి, మరగబెట్టిన ఇంకో సూది తొడిగి, రక్తనాళంలో పడిందేమోనని పిస్టన్ కాస్త వెనక్కి లాగి..."

గాజు గొట్టంలోకి నీటి బొట్టు ఒకటి లోపలికి వచ్చింది. నాన్న దాన్ని చూస్తూ ఉండిపోయాడు. సూది మార్చాడు, కానీ ఆ గొట్టం మార్చలేదు. తన చేతిలో గుచ్చినప్పుడు కూడా అలవాటుగా పిస్టన్ వెనక్కి లాగే ఉంటాడు. ఊరికే నలుగురికీ ధైర్యం చెప్పడానికి గుచ్చిన ప్రతిసారీ తన రక్తం ఒక చుక్క ఆ గొట్టంలోకి వెళ్లింది. అక్కడి నుంచి వీధిలోని వాళ్లందరికీ.

"తుఫానుకి ఆరేళ్ల ముందు నాకు కడుపు ఆపరేషనయింది" అన్నాడు ఆ గొట్టం కింద పెడుతూ. "రెండు సీసాల రక్తం ఎక్కించారు."

నేను ఎవరి తప్పునో వెతుక్కుంటూ వచ్చాను. తీరా చూస్తే అక్కడ తప్పు లేదు, నాన్న ధైర్యం ఉంది. ఇక వెళ్లిపోదాం, వేరే దారి వెతుకుదాం అని సంచి అందుకున్నాను. నాన్న కళ్లు తుడుచుకుని, "ఎంతమంది కావాలన్నావు?" అని అడిగాడు.

"పాతిక. కానీ నాన్నా, అత్త ఒప్పుకోవడం లేదు. నీ పేరు బయటికొస్తే..."

"దాని మొహం. దాని సంగతి నేను చూసుకుంటా. ఊళ్లో ఇంకెంతమందికి ఆ గడ్డలు పుడుతున్నాయో, ముందు అది చెప్పు."

మర్నాడు పొద్దున నాన్న పంచాయతీ ఆఫీసుకి వెళ్లి, కుళాయి నీళ్ల వేళలు చెప్పే మైకు తీసుకున్నాడు. ఊరంతా వినేలా చెప్పాడు. దాచలేదు, చుట్టూ తిప్పలేదు.

"నేను కాంపౌండరు నాంచారయ్యని. తుఫానేడు నేను సూదులేసినోళ్లంతా ఒకసారి బడి దగ్గరికి రండి. నా రక్తంలో ఉన్న రోగం ఆ సూదులతో మీకు సోకింది. తెలిసి చేయలేదు. చేశాను, అదైతే నిజం. ఇప్పుడు మాత్రలున్నాయి, తగ్గిపోద్ది. పరీక్ష చేయించుకోండి. మీ కాళ్లకి దండం పెడతాను, రండి."

బడి ఆవరణ నిండిపోయింది. కొందరు నమ్మలేదు, ముసలాయనకి మతి పోయిందనుకున్నారు. పోలయ్య అని వలల వ్యాపారం చేసే ఆయన గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "మా తమ్ముడు కడుపులో నీళ్లు పట్టి పోయాడు నాంచారయ్యా. ముప్ఫై తొమ్మిదేళ్లకి. తాగుడు తాగుడని వాణ్ణి పోయేదాకా తిట్టాను నేను. వాడు తాగనని ఒట్టేసి చెప్పినా నమ్మలేదు."

నాన్న చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. పోలయ్య కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించుకుని, ఆ చేతి చొక్కానే పైకి మడిచి నా ముందు బల్ల మీద పెట్టాడు. "తియ్యమ్మా రక్తం" అన్నాడు. ఆయన వెనక వరస కట్టారు. మొదట నాన్న రక్తమే తీశాను. ఆయన పట్టుబట్టాడు.

రెండు వందల పన్నెండు మందికి పరీక్ష చేశాం. నలభై మూడు మందిలో వైరస్ ఉంది. వాళ్లకి స్కానింగ్ చేస్తే ఇద్దరికి, ఏ నొప్పీ లేకుండానే, కాలేయంలో బఠాణీ గింజంత లింఫోమా గడ్డలు దొరికాయి. ఇంకో ఏడాది ఆగితే వాళ్లు కూడా అత్త మంచం పక్కకి వచ్చేవాళ్లు.

తాతకి నలభై మూడు ముఖాలూ ఇచ్చాం. రెండు రోజులు లెక్కలు వేసి తెర మీద చెట్టు గీసింది. వీధివీధికీ ఒక కొమ్మ. కొమ్మలన్నీ వెళ్లి ఒకే కాండంలో కలిశాయి. కాండం మొదటికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఒకటో నంబరు నమూనా. ఆ నంబరు ఎవరిదో నాకు తెలుసు, అయినా చీటీ తిరగేసి చూశాను. ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేసి, "మొదలు నేనేగా?" అన్నాడు. అవునన్నాను. "సరే, ఇక నీ పని చూసుకో" అని పెట్టేశాడు.

చెట్టు అడుగున తాత ఊహించి గీసిన, ముప్ఫై అయిదేళ్ల నాటి ముఖంతో కొత్త ఎర చేశాం. అత్త కణాల మీద వేసి మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. పావుగంట ఏమీ లేదు. తర్వాత ఒక కణం సాగింది, కాలు చాపినట్టు. ఇంకోటి. ఇంకోటి. పళ్లెంలో ఉన్నవన్నీ ఎర మీద విరుచుకుపడ్డాయి! మింగినవి మింగినట్టే ముడుచుకుపోయి ఆరిపోతున్నాయి. నేను వేసిన కేకకి కింది అంతస్తు నుంచి జకరయ్య గారు మెట్లెక్కి పరుగెత్తుకొచ్చారు, నిప్పంటుకుందేమోనని. మైక్రోస్కోపులోకి చూసి, "కోటేశ్వరీ, నా మీద ఇంకో కప్పు టీ పోసినా ఏమీ అనను" అన్నారు.

ఇక మిగిలింది అత్త సంతకం. నాన్న స్వయంగా వచ్చాడు. గదిలోకి అడుగు పెట్టగానే అత్త అందుకుంది.

"మైకులో చెప్పావంటగా! నీకేమన్నా బుద్ధుందా అన్నయ్యా? నా ఒక్కదాని కోసం ఊళ్లో పరువంతా పోగొట్టుకుంటావా?"

"నీ ఒక్కదాని కోసం కాదే. నలభై మూడు మందిమి ఉన్నాం."

"మరి ఊళ్లో ఏమంటన్నారు?"

"లేచి నిలబడేవాళ్లు కొంతమంది నిలబడటం లేదు. కొంతమంది నిలబడతన్నారు. పోలయ్య మాట్లాడటం లేదు. మాట్లాడకపోయినా పర్లేదు, మాత్రలు వేసుకుంటన్నాడు, అది చాలు." నాన్న మంచం దగ్గరికి జరిగాడు. "తాయారూ, నేను గుచ్చింది నీ ఒంట్లోంచి పోయేదాకా నాకు అన్నం సయించదు. సంతకం పెట్టవే."

అత్త నాన్న ముఖంలోకి చూసింది. చిక్కిపోయాడు మనిషి. ఆవిడ కాగితం లాక్కుని సంతకం పెట్టి, "తినకుండా చస్తన్నావా? ఎంత తెలివితక్కువోడివి" అని ఏడ్చింది.

మొదటి మోతాదుకి మూడు రోజులు జ్వరం కాసింది. నాలుగో రోజు జ్వరం తగ్గి, ఆసుపత్రి ఇడ్లీ గట్టిగా ఉందని వంటమనిషిని పిలిపించి తిట్టింది. జకరయ్య గారు అది మంచి సూచన అని రాసుకున్నారు. ఆరు వారాలకి గడ్డ సగమైంది. మూడు నెలలకి నిమ్మకాయంత. మళ్లీ అనుమతి తెచ్చి, ఊళ్లో గడ్డలు దొరికిన ఆ ఇద్దరికి కూడా ఎర ఇచ్చాం, వాళ్ల గడ్డలు నెలకే మాయమయ్యాయి. ఢిల్లీ నుంచి, జపాన్ నుంచి డాక్టర్లు ఫోన్లు చేశారు. అన్నేళ్లు మమ్మల్ని పట్టించుకోని పెద్దవాళ్లంతా ఒక్కసారి చుట్టాలైపోయారు. నేను ఒక్కొక్కరికీ రెండు మాటల్లో జవాబు చెప్పి పెట్టేశాను. నాకు కావలసిన స్కానింగ్ ఇంకా రాలేదు.

అయిదో నెలలో వచ్చింది. తెర మీద కాలేయం మొత్తం అటూ ఇటూ తిప్పి చూశాం. జకరయ్య గారు చూశారు, నేను చూశాను, నమ్మకం కుదరక మళ్లీ చూశాం. గడ్డ లేదు. సూది పెట్టి తీసిన ముక్కలో పిచ్చి కణం ఒక్కటి లేదు. గెలిచాం! జకరయ్య గారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేను బయటికి పరుగెత్తాను.

నాన్న వరండాలో బెంచీ మీద కాదు, నేల మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు పొద్దుటి నుంచి.

"నాన్నా, లేదు! ఏమీ లేదు! అత్తకి పూర్తిగా పోయింది!"

ఆయన నా వైపు చూసి, "మిగతావాళ్లకి?" అన్నాడు.

"నిన్ననే వచ్చాయి రిపోర్టులు. అందరికీ వైరస్ పోయింది."

"పోలయ్యకి?"

"పోయింది."

"చివరి వీధి సుబ్బాయమ్మ, దాని కూతురు?"

"ఇద్దరికీ పోయింది నాన్నా. నలభై మూడింటికి నలభై మూడు. నీకు కూడా పోయింది."

"నా సంగతెవరికి కావాల్లే" అన్నాడు నాన్న నేల చూస్తూ.

నా వెనక తలుపు తెరుచుకుంది. ఆసుపత్రి గౌను మీదే, నర్సు చెయ్యి విదిలించుకుని, తాయారత్త తన కాళ్ల మీద తను నడిచి వస్తోంది. వచ్చి అన్న పక్కన ఆ నేల మీదే చతికిలబడింది.

"ఎవరికి కావాలంటావేంటి అన్నయ్యా? నాకు కావాలి" అంది. నాన్న ఆవిడ భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వరండాలో అటూ ఇటూ పోయేవాళ్లు తప్పుకుని నడిచారు, నేను ఇద్దరికీ అన్నం తేవడానికి వెళ్లాను.